బుల్లయ్య బావ ఆడిన అబద్ధం

మా అక్క మొగుడు బుల్లయ్య గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. తన గురించి ఎవరైనా రాస్తారంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు. సత్తెనపల్లి నుంచి గుంటూరు వెళ్లే రోడ్డులో, నల్లపాడు రాకముందే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని ముందు రేకుల షెడ్డు కింద రెండు ఛార్జింగ్ మిషన్లు, వాటి పక్కన లారీ కంటెయినరంత తెల్లటి పెట్టె ఉంటాయి. ఖాకీ చొక్కా, ఎగ్గట్టిన లుంగీతో, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఆ పెట్టెను బ్రష్షుతో దులుపుతూ యాభై ఎనిమిదేళ్ల మనిషి కనిపిస్తే ఆయనే మా బావ. నాకు తెలిసి ఆయన జన్మలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. ఆడించింది నేను.

నా పేరు వీరాంజనేయులు. సత్తెనపల్లిలో సోషల్ మాస్టార్ని. సత్యం గురించి, ధర్మం గురించి పిల్లలకు పాఠాలు చెప్పి ఇరవై ఎనిమిదేళ్లుగా జీతం తీసుకుంటున్నాను. బావ ఏడో తరగతి తప్పాడు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇరవై ఏళ్ల కిందట బావ మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. ఒక ఏడు కాయ విరగకాసింది. విరగకాసిన ఏడు ధర పడిపోవడం మా వైపు మామూలే. ధర వచ్చేదాకా దాచుకుందామని నలభై టిక్కీలు ట్రాక్టరు మీద వేసుకుని ఈ కోల్డ్ స్టోరేజీకే తెచ్చాడు. మిరపకాయల బస్తాను మేం టిక్కీ అంటాం. వచ్చి చూస్తే గేటుకు గోనెపట్టా వేలాడుతోంది. గోనె వేలాడిందంటే లోపల గదులు నిండిపోయాయని గుర్తు, ఎవర్నీ అడిగే పని లేదు. ఎవరైనా సరుకు తీసుకెళ్తే చోటు దొరక్కపోతుందా అని బావ మూడు రోజులు గేటు బయట కూర్చున్నాడు. మూడో రోజు వాన పడింది. తర్వాత తెలిసిందేమిటంటే, లోపల రెండు గదులు ఖాళీగానే ఉన్నాయి. ఎవరో పెద్ద వ్యాపారి సరుకు వస్తుందని ఆపి పెట్టి, బయట గోనె కట్టారు.

తడిసిన కాయ రంగు పోయి తాలు కింద, అంటే నాసిరకం ధరకు పోయింది. మరుసటి ఏడు బావ కౌలు మానేసి అదే కోల్డ్ స్టోరేజీలో హమాలీగా చేరాడు. నీ కొంప ముంచిన చోటే కూలికి చేరడానికి సిగ్గు లేదా అని మా అక్క వెంకటరావమ్మ దులిపేసింది. "గేటు కాడ నేనుంటే ఉన్నదాన్ని ఉందని చెబుతాగా" అన్నాడట. మా అక్కకు అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు ఈ మాట తలుచుకుంటే తల ఎత్తలేనిది నేను.

హమాలీ నుంచి గదుల మేస్త్రీ అయ్యాడు. చోటు ఉంచుకుని గోనె కట్టడం ఆయన హయాంలో ఒక్కసారి కూడా జరగలేదు. వ్యాపారులు తిట్టారు, ఓనరు రెండుసార్లు పొమ్మన్నాడు. రైతులు మాత్రం గేటు దగ్గర పేచీ పెట్టడం మానేశారు. "బుల్లయ్య లేదంటే లేనట్టే" అని బండి తిప్పుకుని పోయేవాళ్లు. బావకు సెంటు భూమి లేదు, సొంత ఇల్లు లేదు. నలుగురూ అనే ఈ మాట ఒక్కటే ఉంది.

మోకాళ్లు అరిగిపోయి చల్లటి గదుల్లో తిరగలేకపోతున్న రోజుల్లో ఓనరు ముందువైపు ఈ ఛార్జింగ్ స్టేషన్ పెట్టాడు. ఓనరు కొడుకు నా దగ్గర చదువుకున్నవాడు. అతనికి చెప్పి బావను అక్కడ వేయించింది నేనే. ఆ ఉపకారాన్ని నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఆ తెల్లపెట్టె నిండా బ్యాటరీలు. ఊరి లైనులో వచ్చే కరెంటు కార్లకు గబగబా ఎక్కించడానికి చాలదు. అందుకని రోజంతా నిదానంగా పెట్టెలోకి నింపి, కారు వచ్చినప్పుడు ఒక్క ఊపున పోస్తారు. నాకు అర్థం కాకపోతే బావే చెప్పాడు. "మేడ మీద ట్యాంకనుకోరా. పంచాయతీ కుళాయి సన్నంగా వస్తుంది. ట్యాంకు నిండితే కింద బాత్రూములో ధారగా పడుద్ది. నా పనల్లా ట్యాంకు ఎప్పుడు నింపాలి, ఎంతవరకు దించాలి, అంతే." ఇరవై శాతం కిందికి దించితే బ్యాటరీ పాడవుతుంది. సాయంత్రం కరెంటు రేటు ఎక్కువ కాబట్టి మధ్యాహ్నమే రేకుల మీది సోలారుతో నింపుకోవాలి. పెట్టెకు ఏసీ ఉంది. రోడ్డు మీద వెళ్లే మిర్చి లారీల కారం దుమ్ము, పక్కనున్న జిన్నింగ్ మిల్లు పత్తి నూగు కలిసి ఆ ఏసీ జల్లెడకు పట్టేస్తాయి. కంపెనీ ఇంజనీరు నెలకోసారి దులపమంటే బావ రోజూ రెండు పూటలా తుమ్ముకుంటూ దులుపుతాడు. "సరుకు చల్లగా దాచటం నాకు కొత్తా? అప్పుడు కాయ, ఇప్పుడు కరెంటు" అంటాడు. ఎంత ఉందో రోడ్డుకు కనబడేలా పెట్టె మీద అంకెల బోర్డు ఉంది. ఆ బోర్డంటే ఆయనకు మహా ఇష్టం. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు గదా అని.

ఇక నా సంగతి. పోయిన ఏప్రిల్లో మా అమ్మాయి తేజశ్రీకి గుంటూరులో నిశ్చితార్థం పెట్టుకున్నాం. పెళ్లికొడుకు వాళ్లది పిడుగురాళ్ల. నాకు వియ్యంకుడు కాబోయే జానకిరామయ్య గారు సున్నపు బట్టీల మీద బాగా సంపాదించిన మనిషి. వాళ్లింట్లో మూడు ఎలక్ట్రిక్ కార్లున్నాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, ఆయన ముందు నేను తగ్గకూడదనుకున్నాను. "దారిలో మా బావ ఛార్జింగ్ స్టేషన్ ఉందండీ. మీరొచ్చి ఆగడమే ఆలస్యం, మూడు కార్లకూ పెట్టిస్తాను" అని ఫోనులో కోతలు కోశాను. సొమ్మొకడిది సోకొకడిది. బావకు ముందురోజే చెప్పాను, మా వాళ్లకు తక్కువ కాకూడదని.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేసింది. రెండున్నరకు పడమట మబ్బు పట్టి ఈదురుగాలి లేచింది. మూడింటికి ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేయిస్తుంటే బావ ఫోను చేశాడు.

"ఒరేయ్ ఆంజనేయులూ, గాలికి లైను పోయింది. మళ్లీ ఎప్పుడొచ్చుద్దో తెలీదు. బోర్డు డెబ్భై శాతం చూపిస్తంది. ఇక్కడో చిన్న కరెంటు ట్రక్కొచ్చింది, కాయల లోడు. మా గదులన్నీ నిండిపోయినయ్. గుంటూరు అవతల ఇంకో స్టోరేజీలో చోటుందంట, అక్కడి దాకా పోవాలి. పది యూనిట్లు పోస్తే చాలు. పొయ్యనా?"

"మా వాళ్లకి సరిపోద్దా?"

"మూడో కారుకి కాస్త తగ్గుద్ది."

"తగ్గటమేంది బావా? అమ్మాయి నిశ్చితార్థం పెట్టుకుని వియ్యాలవారి ముందు నా తల తీసేస్తావా? అయిపోయిందని చెప్పు. బోర్డు మీద ఏదన్నా కప్పెయ్."

"ఉంది కదరా" అన్నాడు బావ.

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు. మూసుకోలేదు. "నిన్నా కుర్చీలో కూర్చోబెట్టిందెవరో గుర్తుందా బావా?" అన్నాను.

"సరేరా" అని పెట్టేశాడు.

అక్కడ జరిగింది తర్వాత అక్క చెబితే తెలిసింది. బండి నడిపేది ఆదాం, పక్కన కూర్చున్నది అతని భార్య ఎలీసమ్మ. సత్తెనపల్లి దగ్గర ఎకరంన్నర కౌలు. ఆ ఏటి పంటంతా బండిలో ఉన్న పద్దెనిమిది టిక్కీలే. బావను మేస్త్రీగా ఉన్నప్పట్నుంచీ ఎరుగుదురు. బావ లోపలికి వెళ్లి గోనె తెచ్చి బోర్డు మీద కప్పాడు. "అయిపోయిందమ్మా" అన్నాడు. అయితే లైను వచ్చేదాకా ఈ షెడ్డు కింద బండి పెట్టుకుంటాం అన్నాడు ఆదాం. అబద్ధం ఒక్కదాంతో ఎక్కడ ఆగుతుంది? వాళ్లు అక్కడే ఉంటే కాసేపట్లో వచ్చే కార్లకు ఛార్జింగ్ పెట్టడం చూస్తారు. "ఇక్కడ కుదరదయ్యా, వేరే బళ్లొస్తాయి" అని చెప్పి పంపించాల్సి వచ్చింది. ఎలీసమ్మ మబ్బు వంక ఒకసారి, బావ వంక ఒకసారి చూసి "సరే అన్నా" అని బండెక్కిందట. బండిలో ఆరు శాతం మిగిలింది.

వియ్యాలవారికి ఎదురు వెళ్లడానికి నేను నా పెట్రోలు కారులో బయల్దేరాను. నల్లపాడు దాటగానే చినుకులు మొదలయ్యాయి. రోడ్డు పక్కన చిన్న ట్రక్కు ఆగిపోయి ఉంది. ఒక ఆడమనిషి బస్తాల మీదికెక్కి పట్టా కప్పుతోంది. ఒక మూల లాగితే ఇంకో మూల లేచిపోతోంది. నేను కారు ఆపలేదు. అదే బండి అని నాకు తెలియదని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. నాకు తెలుసు.

నేను చేరిన పది నిమిషాలకు మూడు కార్లూ వచ్చాయి. అప్పటికి వాన జోరందుకుంది. నేను కూల్‌డ్రింకులు తెప్పించాను. నా చేత్తోనే బోర్డు మీది గోనె లాగేసి, ట్యాంకు, పంచాయతీ కుళాయి అంటూ బావ చెప్పిన పాఠమంతా నా సొంత తెలివన్నట్టు జానకిరామయ్య గారికి అప్పజెప్పాను. ఆయన మర్యాదస్తుడు, అంతా విన్నాడు. "బయల్దేరేటప్పుడు నిండుగా పెట్టుకునే వచ్చాం మాస్టారూ. ఇక్కడికి దూరమెంతని. మీరు అంతగా చెప్పారని ఆగాం. రెండిటికి కాస్త పెట్టండి, మూడోదానికి అవసరమే లేదు" అన్నాడు. వాళ్లకు అక్కర్లేదు. నా మాట పోకూడదని పెట్టించుకుంటున్నారు. బావ రెండు కార్లకూ గన్నులు తగిలించి, దూరంగా పెట్టె పక్కన నిలబడ్డాడు.

అప్పుడు ఎలీసమ్మ నడుచుకుంటూ వచ్చింది. నిలువునా తడిసిపోయి ఉంది. షెడ్డు అంచున ఆగి, "అన్నా, పెద్ద పట్టా ఏదన్నా ఉంటే ఇస్తావా? మాది చాలటంలా" అంది. అంటూనే కార్లను చూసింది. బోర్డును చూసింది. యాభై ఎనిమిది ఉంది.

అందరం ఆమెనే చూస్తున్నాం. నేను ఆమె నోటి నుంచి తిట్టు వస్తుందనుకున్నాను. ఆమె బావతో మెల్లగా అంది.

"లైనొచ్చిందా అన్నా? మేమే తొందరపడ్డాం. కాసేపు ఆగాల్సింది."

లైను రాలేదు. వెనక కోల్డ్ స్టోరేజీలో జనరేటరు మోగుతూనే ఉంది. వాన చప్పుడులో ఆమెకు వినిపించలేదు కాబోలు అనుకున్నాను. లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆ ఊపిరికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

బావ రెండడుగులు ముందుకొచ్చాడు. "లైను రాలేదమ్మా. ఇందాక కూడా పెట్టెలో కరెంటు ఉంది. ఉంచుకునే లేదన్నాను" అన్నాడు.

ఎవరికోసమో చెప్పలేదు. నా వంక చూడలేదు. చూసి ఉంటే నేను తప్పించుకునేవాణ్ని కాదేమో. లోపలికి వెళ్లి పెద్ద పట్టా భుజాన వేసుకుని, ముగ్గురు హమాలీలను కేకేసి, ట్రాక్టరు తీయించి ఆమెతో పాటు వానలోకి వెళ్లిపోయాడు.

నేను అనాల్సింది ఒక్క వాక్యం. 'లేదని చెప్పమన్నది నేనే.' క్లాసులో ముప్పావుగంట ఏకధాటిగా వాగే నోరు అది. అప్పుడు పెగల్లేదు. "ఎవరి కోసం దాచాడండీ పాపం?" అని జానకిరామయ్య గారు అడిగాడు. ఆయన అమాయకంగానే అడిగాడు. "పెద్దవాడైపోయాడు గదండీ, ఒక్కోసారి కంగారుపడతాడు" అన్నాను. అని, ఆయన చేతిలోని ఖాళీ సీసా తీసుకుని ఇంకోటి ఇచ్చాను.

నిశ్చితార్థం బ్రహ్మాండంగా జరిగింది. పదకొండు టిక్కీలు తడిశాయి. బావ వాటిని కోల్డ్ స్టోరేజీ ఆవరణలో నేల మీద పరిచి, ఆ మోకాళ్లతో మూడు రోజులు ఒంగి తిరగేశాడు. ఎంత తిరగేసినా తడిసిన కాయకు పోయిన రంగు తిరిగి రాదు. ఆయనకు అది తెలియక కాదు.

మా అక్క నాలుగు రోజుల తర్వాత మా ఇంటికొచ్చి కళ్ల నీళ్లు పెట్టుకుంది. "మీ బావకేం పొయ్యేకాలం వచ్చిందిరా? నువ్వు అడిగావా పెట్టావా. నీ వియ్యాలవారికి తగ్గకూడదని తనంతట తనే దాచాడంట. కౌలుదాని పంట పోగొట్టాడు" అంది. ఆయన ఇంట్లో కూడా నా పేరు చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను అక్కకు మంచినీళ్లు ఇచ్చాను. అంతకుమించి ఏమీ ఇవ్వలేదు.

ఆ మాట ఊళ్లల్లో పాకింది. ఉంచుకుని లేదన్నాడట, బుల్లయ్య కూడా అందరిలాంటివాడేనట. ఇప్పుడు స్టేషన్‌కు వచ్చేవాళ్లు బోర్డు చూసి ఊరుకోవడం లేదు. పెట్టె తలుపు తీసి లోపలి మీటరు చూపించమంటున్నారు. బావ విసుక్కోకుండా తలుపు తీసి చూపిస్తున్నాడు. పక్కన నిలబడి నేను ఒకసారి చూశాను ఆ తంతు. ఇంకోసారి చూడలేక అటు వెళ్లడమే మానేశాను.

మే నెలలో పెళ్లికి బావ వచ్చాడు. మేనమామల, మేనత్తల పనులు ఏవీ ఆగకుండా చూశాడు. నాతో మాట్లాడలేదని అనలేను. "నీళ్ల ట్యాంకరు వచ్చిందా?" అని అడిగాడు. ఆఖరి పంక్తిలో భోంచేసి, అక్కను తీసుకుని వెళ్లిపోయాడు.

జూన్ మొదటి వారంలో ఇక ఉండబట్టలేక స్టేషన్‌కు వెళ్లాను. షెడ్డు కింద ఆదాం ట్రక్కు ఛార్జింగ్‌లో ఉంది. దాన్నిండా పత్తి విత్తనాల పెట్టెలు. ఆదాం టీకి వెళ్లాడు. ఎలీసమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. పెట్టె వెనక నుంచి బావ తుమ్ములు వినబడుతున్నాయి. ఆమె దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఇంట్లో పది రోజులు వల్లెవేసుకున్న మాటలు ఎలాగో బయటికి తెచ్చాను.

"అమ్మా, ఆ రోజు మా బావ తప్పేం లేదు. లేదని చెప్పమంది నేను."

ఆమె నిర్ఘాంతపోతుందనుకున్నాను. నిజం చెప్పినందుకు కాస్త మెచ్చుకుంటుందని కూడా మనసులో ఎక్కడో ఉంది, అబద్ధమెందుకు.

"తెలుసు సార్" అంది.

"బావ చెప్పాడా?"

"ఆయనెందుకు చెబుతాడు? ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడాడుగా. మేం ఈ పక్కనే నిలబడున్నాం. మీరన్నవన్నీ విన్నాం."

కుర్చీ మాట కూడా విన్నారన్నమాట. "మరి అప్పుడే ఎందుకు నిలదీయలేదమ్మా?" అన్నాను.

"ఆడపిల్ల శుభకార్యమన్నారు. బుల్లయ్యన్న చూస్తే గోనె చేత్తో పట్టుకుని మా మొకం చూడలేకపోతన్నాడు. ఆయన్నేం అడుగుతాం సార్? పోదాం పదమని ఈయనకి నేనే చెప్పా."

"తిరిగొచ్చినప్పుడైనా..."

"వచ్చేసరికి మీరు ఆ బోర్డు చూపించి వాళ్లకి ఏదో చెబుతన్నారు. గొంతు గుర్తుపట్టా. నేను లైనొచ్చిందా అంటే మీరే కల్పించుకుని నిజం చెబుతారులే, పెద్దాయన మాట నిలబడుద్ది అనుకున్నా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ట్రక్కు దగ్గర ఛార్జింగ్ అయినట్టు బీప్‌మని మోగింది. ఆమె లేచి చీర దులుపుకుంది.

"అమ్మాయి బాగుందా సార్?" అంది.

"బాగుందమ్మా" అన్నాను.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, ముందు మా అక్కకు చదివి వినిపించాలని, తర్వాత జానకిరామయ్య గారికి పంపాలని అనుకున్నాను. రాయడం అయిపోయి వారమైంది. అక్క నిన్న కూడా మా ఇంటికి వచ్చి వెళ్లింది. కాగితాలు బీరువాలోనే ఉన్నాయి.